వ్యానులో తెప్ప

నాన్న వ్యాను తాళం నా చేతిలో పెట్టిన రోజు నేను చేసిన మొదటి పని, టేపు పట్టుకుని ఆ వ్యానులోకి దూరడం. ఆయన ఇంకా షరతు చెప్తూనే ఉన్నాడు. నేను తల ఊపుతూ డ్రైవరు సీటు వెనక నుంచి వెనక తలుపు దాకా ఎంతుందో కొలుస్తున్నాను. ఆరడుగుల పైచిలుకు! అంటే నేను కాళ్ళు బార్లా చాపి పడుకోవచ్చు. పొద్దున్నే కాలితో తలుపు తోస్తే ఎదురుగా సముద్రం. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఊపిరాడలేదు.

"నా మాట ఇంతన్నావేటే?" అన్నాడు నాన్న బయటినుంచి.

"ఇంతన్నాను నాన్నా."

"ఏటి సెప్పినానో సెప్పు."

చెప్పలేకపోయాను. ఆయన వంగి, తలుపులోంచి తల లోపలికి పెట్టి, నా చేతిలోని టేపు లాక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు. "సోమవారం కాడినుంచి శనివారం దాకా నువ్వు ఈ బండిని ఏటి సేసుకుంతావో నాకక్కర్నేదు. ఆదివారం తొమ్మిదింటికల్లా మామ్మలు నలుగురూ ఇందులో గుడికి రావాల. నీవల్ల ఒక్క ఆదివారం తప్పినాదా, తాళం నాకిచ్చీ. మల్లా అడగొద్దు."

"అంతే కదా!" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

మాది టెక్కలి. నాన్న ఇరవై ఏళ్ళకు పైగా ఆ వ్యానులో బడిపిల్లల్ని తోలాడు. ఆదివారాలు మాత్రం ఊరికే, ప్రేమకొద్దీ, సముద్రం దారిలో ఉన్న ఒక పల్లె నుంచి నలుగురు ముసలమ్మల్ని మా బాప్టిస్టు గుడికి తెచ్చేవాడు. ఆ పల్లెకి బస్సు లేదు. ఆటో ఎక్కితే వాళ్ళ నడుములు పడిపోతాయి. రెండేళ్ళ క్రితం ఒక ముసురు రోజున, కంట్లో శుక్లాలున్నాయని తెలియని రోజుల్లో, నాన్నకి రోడ్డు అంచు కనపడక ముందు చక్రం కల్వర్టు దిగిపోయింది. మామ్మలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక మామ్మ కళ్ళజోడు విరిగింది, అంతే. కానీ నాన్న ఆ సాయంత్రం వ్యానుని షెడ్డులో పెట్టి, తాళం మేకుకి తగిలించి, మళ్ళీ తియ్యలేదు.

రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. డాక్టరుగారు హాయిగా తోలుకోవచ్చన్నారు. లైసెన్సు కూడా మళ్ళీ వచ్చింది. నాన్న షెడ్డులోకి వెళ్ళి ఇంజను వేసేవాడు, స్టీరింగు పట్టుకునేవాడు, చేతులు వణికితే దిగిపోయేవాడు. "సూపొచ్చీసినాది. దైర్నమే రానేదు" అని దాపరికం లేకుండా చెప్పేవాడు. మామ్మలు గుడి మొహం చూసి రెండేళ్ళయింది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు భోజనానికి రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, వాళ్ళు కూర్చునే ఖాళీ వరస వైపు నాన్న చూసే చూపు నాకు తెలుసు. నేను వ్యాను అడిగినప్పుడు ఆయనకి మామ్మల్ని తెచ్చే డ్రైవరు దొరికింది. నాకు మాత్రం సముద్రమే కనిపించింది.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాను. విశాఖపట్నంలో పీజీ చదివేటప్పుడు ఒక స్నేహితురాలు బలవంతాన, కెరటాల మీద జారే సర్ఫింగ్ బోర్డు మీద నిలబెట్టింది. మూడు సెకన్లు నిలబడి ఉంటాను. ఆ మూడు సెకన్లతో నా పని అయిపోయింది. మొదటి జీతాలు కూడబెట్టి ఎనిమిదడుగుల పాత బోర్డు కొనుక్కున్నాను. ఇక దాంతో నా పాట్లు చెప్పొద్దు! ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా ఆటోలో అడ్డంగా పెట్టి, రెండు వైపులా తలా తోకా బయటికి వేలాడుతుంటే ఒళ్ళో పట్టుకుని కూర్చోవాలి. ఒకసారి దుప్పటి చుట్టి బస్సెక్కించబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టి, "ఎవుల్నమ్మా తెస్తన్నావు, ఆస్పత్రోల్లు కాయితం ఇచ్చినారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రోజే అనుకున్నాను, నాకో బండి కావాలని.

అంచేత తాళం చేతికి రాగానే వ్యానుని విజయనగరం తోలుకుపోయాను. కాలేజీ అయిపోగానే కోట దాటి ఒక సందులో ఉన్న వెల్డింగు షాపుకి పరుగు. ఆ వెల్డరన్నకి సర్ఫింగంటే ఏమిటో తెలియదు గానీ, నాకంటే ఆయనకే ఎక్కువ పూనకం వచ్చింది. నేను నోటుబుక్కులో గీసిన బొమ్మ చూసి, "ఇది కాదు మేడమ్, నాకొగ్గియ్యండి" అని వెనక బారు సీట్లు రెండూ ఊడబెరికి పక్కన పడేశాడు. ఇనుప యాంగిల్‌తో మంచం. మంచం కింద సొరుగులు. గ్యాసు పొయ్యికి తలుపు మీద మడత బల్ల. ఒక్కోటీ అతుకుతూ, "ఏనుగు పడుకున్నా కదల్దు మేడమ్" అనేవాడు.

"ఏనుగుని తీసుకెల్లనన్నా, నేనొక్కదాన్నే."

"ఎప్పుడూ ఒక్కలే ఉంతారేటి!" అని ఇంకో రాడ్డు అతికాడు.

ఏం చెప్పను! ఆ అయిదురోజులూ నా కాలు ఒకచోట నిలవలేదు. క్లాసులో బోర్డు మీద సమాకలనాలు రాస్తూ, ఏ మూలన నీళ్ళ డబ్బా పెట్టాలో ఆలోచించేదాన్ని. అమ్మ పాత వాయిల్ చీర చించి కిటికీలకి తెరలు కుట్టాను. మంచానికి నీలం రంగు నేనే వేశాను, మోచేతుల దాకా పూసుకుని ఆ చేతులతోనే మర్నాడు అటెండెన్సు తీశాను. సీట్లు లేకపోతే మామ్మలు ఎక్కడ కూర్చుంటారన్న ప్రశ్న నాకు రాకపోలేదు. మంచం ఉందిగా, కావాలంటే పడుకుని రావచ్చు అనుకున్నాను. లెక్కలు చెప్పే మనిషికి ఉండాల్సిన బుర్రేనా అది?

మొదటి ఆదివారం వచ్చింది. ప్రభువు భోజనం ఉన్న ఆదివారం కాబట్టి మామ్మలు నలుగురూ మడతలు నలగని తెల్లచీరల్లో అరుగు మీద సిద్ధంగా కూర్చున్నారు. రెండేళ్ళ తర్వాత గుడికి వెళ్తున్నారు, ఒకావిడ కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. వ్యాను తలుపు తీసి నా మంచం చూపించాను, గర్వంగా. నలుగురూ మంచం వైపూ నా వైపూ మార్చి మార్చి చూశారు.

"ఏటే గుంటా," అంది అందరిలోకీ పెద్ద మామ్మ, "మమ్మల్ని పురిటికి తీసుకెల్తన్నావేటి?"

ఎలాగో ఎక్కించాను. మంచం ఎత్తు, వాళ్ళ కాళ్ళు గాల్లో. ఆనుకోవడానికి ఏమీ లేదు. మలుపు తిరిగినప్పుడల్లా నలుగురూ కట్టగా ఆ చివరికి జారేవారు, ఇంకో మలుపులో ఈ చివరికి. "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ ఒకటే నవ్వు. నేనూ నవ్వుతున్నాను, భలేగా ఉందనుకుని. గుడి ముందు ఆపాక తెలిసింది. బోర్డు మీద కాలు జారకుండా మైనం రాస్తాం, గులాబి రంగుది. ఆ ముందురోజు రాసిన మైనం ముక్క మంచం మీద మర్చిపోయాను. అది ఎండకి కరిగి, కొత్త చెప్పుల మామ్మ తెల్లచీరకి వెనకాల అరచెయ్యంత మేర అంటుకుపోయింది. ఇసక కూడా.

ఆవిడ చీర వెనక్కి తిప్పి చూసుకుని, వెళ్ళి గుమ్మం పక్కన చిట్టచివరి బల్ల మీద గోడకి వీపానించి కూర్చుంది. ప్రార్థనకి అందరూ లేస్తే లేవలేదు. రొట్టె తీసుకోవడానికి అందరూ ముందుకి నడిస్తే నడవలేదు. రెండేళ్ళ తర్వాత వచ్చి, తీసుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

నాన్న కేకలేస్తాడనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది. మామ్మల్ని దింపి ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, "సీర సూసుకుని ఎనక్కి కూకుంది, సూసినావా?" అన్నాడు. చూశానన్నాను. "ఈ ఒక్కసారికీ ఒగ్గేస్తన్నాను. వచ్చే ఆదివారం సీట్లుండాల. ఇంకొక్కసారి తప్పినాదా, తాళం ఇచ్చీ."

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మంచం పీకేస్తే వ్యాను నాది కానే కాదు. ఉంచితే వ్యానే ఉండదు. ఆ మధ్యాహ్నం వ్యాను తీసుకుని, మాకు దగ్గరి సముద్రపు ఒడ్డు భావనపాడు పోయాను. బోర్డు దింపాలని కూడా అనిపించలేదు. ఇసకలో కూలబడి చూస్తే, కాస్త దూరంలో వేటనుంచి వచ్చిన ఒక పెద్దాయన తెప్ప విప్పుతున్నాడు. అక్కడ ఇప్పుడు అందరివీ ఫైబరు బోట్లే. దుంగల్ని తాడుతో కట్టిన పాతకాలం తెప్ప ఆయన ఒక్కడిదే ఉన్నట్టుంది. నాలుగు దుంగల్ని కట్టిన పీచుతాడు లాగాడు, అంత తెప్పా విడిపోయి దుంగలు దేనికది పక్కకి దొర్లాయి. వాటిని ఎండకి వరసగా పేర్చాడు.

నాకున్న కోపం ఎవరిమీదైనా చూపించాలి కదా. "బాబాయ్, రోజూ కట్టడం, రోజూ ఇప్పడం ఏటి? నాలుగు మేకులు కొట్టీకూడదా?" అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మేకేస్తే దుంగ ఆడదు కదమ్మా. కెరటం కొట్టినప్పుడు అది ఆడాల. ఆడకపోతే సీలిపోద్ది. మరి ఇప్పి ఎండబెట్టకపోతే నీల్లు తాగీసి బరువెక్కిపోద్ది, రేపు తేల్దు." తాడుని మోచేతికి చుట్టుకుంటూ, ఇది కూడా తెలీదా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నేను లేచి నిలబడ్డాను. ఒక్కసారిగా ఒళ్ళంతా జల్లుమంది. ఆయన చెయ్యి పట్టుకుని, నిజంగానే లాక్కుని, వ్యాను దగ్గరికి తీసుకెళ్ళాను. నా కాలేజీ సంగతి, మామ్మల సంగతి, చీర సంగతి, తాళం సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన లోపలికి తొంగిచూసి నాలుక చప్పరించాడు.

"సీట్లేవి?"

"తీసీసినాం."

"బాగున్నవాటిని తీసీసి ఇనుము పెట్టినావా? ఉప్పుగాలికి ఎన్నాల్లుంతాది?" అని వెల్డింగు అతుకు దగ్గర గోరుతో గీరాడు. నా నీలం రంగు పెచ్చు లేచింది, కింద అప్పుడే ఎర్రగా తుప్పు. "సీట్లు సీట్లలాగే ఉంచు పంతులమ్మా. వాటి మీద తెప్ప కట్టుకో. పడుకున్నంతసేపూ ఉంతాది, ఒద్దనుకుంటే ఇప్పీ."

అంతే! ఆ మాటకి ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. ఆనందం పట్టలేక ఆయన వీపు మీద ఒక్క చరుపు చరిచాను. ఆయన బీడీ కింద పడిపోయింది.

మర్నాడు సాయంత్రం వెల్డరన్న దగ్గరికి వెళ్ళి, కోసెయ్యమన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను. "సేతులారా సేసి సేతులారా కొయ్యమంతారేటి మేడమ్" అని మూడుసార్లు అడిగి, కటింగు మిషను ఆన్ చేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. సీట్లు మళ్ళీ ఎక్కాయి. ముందు సీటు వీపు మడతపడేలా చేసిపెట్టింది మాత్రం ఆయనే, నేను అడక్కుండానే. ఆ శనివారం భావనపాడులో తొమ్మిది సరుగుడు కర్రలు కొట్టించి, బెరడు గీకించి, పెద్దాయన ముందు పెట్టాను. ఆయన వాటిని సీట్ల మీద పరిచి, సీటు కాళ్ళకి పీచుతాడు వేసి, ఈ కర్రనీ ఆ కర్రనీ కలుపుతూ కట్టుకుంటూ పోయాడు. దాని మీద నాలుగు చెక్కలు, వాటి మీద నా పరుపు. చివరి ముడి నన్ను వెయ్యమన్నాడు. వేసి లాగాను. ఊడలేదు, ఇంకా బిగిసింది. నా చేతి మీద ఒక్కటి వేశాడు. "లాగితే ఊడేలగ ఎయ్యాల. పళ్ళతో కొరికితే ఊడేలగ కాదు."

ఇక చూడండి నా విద్య! సాయంత్రాలు కాలేజీ గ్రౌండులో వ్యాను పెట్టి కట్టడం, విప్పడం. మొదటిసారి విప్పి, కర్రలు పైన క్యారియర్ మీద బోర్డు పక్కన కట్టేసరికి ముప్పావుగంట పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వారం తిరిగేసరికి పావుగంట. పొయ్యి పెట్టె, నీళ్ళ డబ్బా, దీపం, అన్నీ తాళ్ళతోనే. మొత్తం వ్యానులో నేను కొట్టిన మేకు ఒక్కటి లేదు. పడుకుంటే పైకప్పు మొహానికి మూరెడు దూరంలో ఉంటుంది, గబుక్కున లేస్తే నుదుటికి తగుల్తుంది. తగిలినా సంతోషమే. శుక్రవారం సాయంత్రం భోగాపురం దగ్గర విమానాశ్రయం పనుల లారీల మధ్యలోంచి దూరి ఒడ్డుకి పోయి, ఇంకా వెలుతురుండగానే రెండు కెరటాలెక్కి, ఎర్రకారం వేసుకుని ఉప్మా తింటుంటే, ఈ జిల్లాలో నా అంత ధనవంతురాలు లేదనిపించేది.

శనివారాలు ఇంటికొచ్చి నాన్న ముందు పరీక్ష. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసేవాడు. "పదమూడు నిమిసాలు. బేగి కాదు." ఇంకో వారం, "పదకొండు." తర్వాత తర్వాత గడియారం వదిలి దగ్గరికొచ్చి, నేను తప్పు కొస లాగుతుంటే "అది కాదే, ఆ కొస" అని తనే లాగేవాడు. అలాంటప్పుడు, "నాన్నా, నువ్వే ఓపాలి తోలు, నేను పక్కనుంతాను" అని బతిమాలేదాన్ని. చేతులు చూసుకునేవాడు. "ఒద్దులే. నువ్వున్నావు కదా."

అలా నాలుగు నెలలు ఒక్క ఆదివారం తప్పలేదు. శనివారం రాత్రి మళ్ళీ కట్టిన తెప్ప మీదే నిద్ర, తెల్లవారగానే భావనపాడు, ఎనిమిదింటి దాకా నీళ్ళు, పది నిమిషాల్లో తెప్ప విప్పి క్యారియర్ మీద కట్టి, తడిబట్టలు మార్చుకుని, మామ్మల అరుగు ముందు హారను. "ఎండుసేప వాసనొస్తన్నావే గుంటా" అని పెద్ద మామ్మ ముక్కు మూసుకుని ఎక్కేది. కొత్త చెప్పుల మామ్మ మాత్రం ప్రతిసారీ సీటు అరచేత్తో తడిమి, చెయ్యి చూసుకుని గానీ కూర్చునేది కాదు. నాకు ఆ తడమడం చూసినప్పుడల్లా తల వంగిపోయేది. ఆవిడ గుడిలో ఇంకా ఆ చివరి బల్ల మీదే కూర్చునేది. రొట్టెకి లేచేది కాదు. అడిగితే, "ఇక్కడ గాలొస్తాదమ్మా" అనేది.

తర్వాత వచ్చిందొక మొదటి ఆదివారం. ఎక్కడో దక్షిణాన సముద్రం మధ్యలో గాలివాన రేగిందని, దాని అలలు మా ఒడ్డుకి వస్తున్నాయని మూడు రోజులనుంచి ఫోను చెప్తోంది. నేను గాల్లో తేలుతున్నాను. నా వాలకం చూసి నాన్న, "నేనూ వస్తాను" అన్నాడు.

"నువ్వెందుకు నాన్నా?"

"కెరటం సూస్తే నీకు గడియారం కనపడదు. ఇయ్యాల ప్రభువు భోజనం."

తెల్లచొక్కా తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని, ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వ్యానులో పడేశాడు. ఒడ్డున తెప్ప పెద్దాయన పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎనిమిదవగానే తువ్వాలు ఊపుతానన్నాడు. ఊపగానే రావాలి. వస్తానన్నాను.

అబ్బ, ఆ పొద్దు! అలాంటి కెరటాలు ఆ ఒడ్డున నేనెప్పుడూ చూడలేదు. తలకి ఎత్తుగా, గాజులా నున్నగా, ఒకదాని వెనక ఒకటి తొందరేం లేదన్నట్టు వస్తున్నాయి. ఒక్కోటీ పట్టుకుని నిలబడితే ఒడ్డు మొత్తం నా పక్కనుంచి పరుగెత్తేది. అరిచాను, నవ్వాను, ఉప్పునీళ్ళు మింగాను. ఎన్ని ఎక్కానో లెక్కే లేదు.

తువ్వాలు చూశాను. అబద్ధం ఎందుకు, చూశాను. నాన్న నిలబడి, చెయ్యెత్తి ఊపుతున్నాడు. నేను చూడనట్టు సముద్రం వైపు తిరిగాను. ఇంకొక్కటి, అంతే అనుకున్నాను. ఆ ఒక్కటీ వచ్చింది. నా వయసులో సగం దాని మీదే గడిపానేమో అన్నంత పొడుగైన కెరటం. దిగగానే ఒడ్డుకి రావాలా? వెనక్కి ఈదుకుంటూ పోయి ఇంకోటి ఎక్కాను.

అది దిగి చూసేసరికి ఒడ్డున వ్యాను లేదు.

బోర్డు లాక్కుంటూ, పడుతూ లేస్తూ వచ్చాను. ఇసక మీద నా తొమ్మిది కర్రలు వరసగా పేర్చి ఉన్నాయి. తాళ్ళు చుట్టలు చుట్టి ఉన్నాయి. చెక్కలు, పరుపు, పొయ్యి పెట్టె, నా చెప్పులు పక్కపక్కన. నాన్న కుర్చీలో పెద్దాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"మీ నాన్న ఎల్లిపోనాడమ్మా."

"ఎవులు తోలినారు?"

"ఎవులేటి? ఆయనే."

"నువ్వు ఆపకూడదా బాబాయ్!" అని అరిచాను, ఏడుపు గొంతుతో.

"ఆపడానికి నానెవుల్ని? సెక్కలు దింపడానికి ఓ సెయ్యేసినాను. తాడు ఇప్పినప్పుడు ఆయన సేతులు వణికినాయి. స్టీరింగు పట్టుకున్నాక వణకనేదు. సూసినాను నాను." బీడీ పారేసి లేచాడు. "రా, నా బండి ఎక్కు."

చెప్పులేసుకోవాలని కూడా తోచలేదు. బోర్డు అక్కడే పడేసి, తడిబట్టల మీద తువ్వాలు కప్పుకుని ఆయన మోపెడ్ వెనక కూర్చున్నాను. అది వెళ్ళే వేగానికి నాకు పిచ్చెక్కింది. దారి పొడుగునా రోడ్డు పక్క గోతుల్లోకే చూశాను. ప్రభువా, ఆయనకేమీ కాకూడదు, తాళం నాకొద్దు, ఈ జన్మలో మళ్ళీ అడగను అని పైకే అనేస్తున్నాను. కల్వర్టు దగ్గరపడుతుంటే కళ్ళు మూసుకున్నాను. "ఏటీ నేదు, తెరు" అన్నాడు పెద్దాయన. మామ్మల ఊళ్ళో అరుగు ఖాళీగా ఉంది, నాలుగు తలుపులకీ తాళాలున్నాయి.

గుడి దగ్గర వ్యాను నీడన నిలబెట్టి ఉంది, గోడకి సమంగా, గీత గీసినట్టు. లోపల పాట అవుతోంది. ఆ అవతారంతో లోపలికి వెళ్ళలేక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. నాన్న ఎప్పటి చోటులోనే కూర్చున్నాడు, చొక్కా చేతులకి పీచు అంటుకుని ఉంది. గుప్పిట్లో తాళం. పాట అయ్యాక రొట్టె పంచడం మొదలైంది. చివరి బల్ల మీద కొత్త చెప్పుల మామ్మ కదల్లేదు. నాన్న లేచాడు. ముందుకి వెళ్ళకుండా వెనక్కి నడిచి, ఆవిడ ముందు నిలబడి చెయ్యి చాపాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, చెయ్యందుకుని లేచింది. ఇద్దరూ కలిసి గుడి మధ్యనుంచి నడిచి వెళ్ళారు. నేను ఊచలకి నుదురు ఆనించి ఏడ్చాను.

ఆరాధన అయ్యాక మామ్మలు బయటికొచ్చారు. పెద్ద మామ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వు తోల్తే పేగులు కలిసిపోతాయే గుంటా. మీ నాన్న తోల్తే సెంబులో నీల్లు తొణకవు" అంది. వెనకే నాన్న వచ్చాడు. నేను తల దించుకున్నాను.

"తప్పు నాదే నాన్నా. తాళం ఉంచీ."

"తువ్వాలు సూసినావా?"

"సూసినాను."

"మరి?"

"ఇంకొక్కటి అనుకున్నాను."

తిట్టు కోసం ఎదురుచూశాను. ఆయన తన రెండు చేతులూ ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"నువ్వు ఏలకి వచ్చీసుంటే," అన్నాడు నెమ్మదిగా, "నేను బండి ఎక్కీవోన్ని కాదే."

నేనూ ఆ చేతుల వైపే చూశాను. ఆయన గొంతు సవరించుకుని, అప్పుడు నా వైపు వేలు చూపించి గట్టిగా అన్నాడు. "ఇంక నుంచి ఆదివారం తాళం నాది. మిగతా ఆర్రోజులూ నీది. అడిగినా ఇవ్వను."

డ్రైవరు సీట్లోకి ఎక్కి తలుపేసుకున్నాడు. మామ్మలు నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. నేనూ ఎక్కబోతే, "తడిబట్టల్తో రాకే, సీరలు పాడయిపోతాయి" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. వ్యాను కదిలింది, గేటు దాటింది, సిగ్నలు వేసి మరీ మలుపు తిరిగింది. నేను పెద్దాయన మోపెడ్ వెనక ఎక్కి మళ్ళీ భావనపాడు పోయాను. కెరటాలు ఇంకా బాగానే ఉన్నాయి.